నగర బడ్జెట్‌లో ప్రాధాన్యాలు ఎక్కడ తేలుతాయి

కేంద్ర ప్రభుత్వం లోటు బడ్జెట్ ప్రవేశపెట్టవచ్చు, రాష్ట్ర ప్రభుత్వమూ ఒక పరిమితికి లోబడి ఆ పని చేయవచ్చు. నగరపాలక సంస్థకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఏడాదిలో రాగల ఆదాయం, చేయదలచిన వ్యయం సరితూగి, చివర ఎంతో కొంత నిల్వ మిగిలినట్లు చూపినప్పుడే పురపాలక చట్టాల దృష్టిలో అది చెల్లుబాటయ్యే బడ్జెట్ అవుతుంది. పైకి ఇది ఆర్థిక క్రమశిక్షణను నిర్బంధించే మంచి నియమంగానే కనిపిస్తుంది గాని, తెలుగు నగరాల అనుభవంలో ఈ నియమం ఖర్చును ఆదాయానికి తగ్గట్టు కుదించే బదులు, కాగితం మీద ఆదాయాన్నే ఖర్చు దాకా పెంచే అలవాటుకు దారితీసింది. కార్పొరేటర్లు తమ తమ డివిజన్లకు పనులు అడుగుతారు, రాష్ట్ర ప్రభుత్వం తన పథకాలకు నగరం వాటాను అడుగుతుంది, ఇంజనీరింగ్ విభాగం సగంలో ఆగిన వంతెనలకు నిధులు అడుగుతుంది. వీటన్నింటినీ పద్దుల్లో చేర్చిన తర్వాత కూడా లెక్క కుదరాలంటే, వసూలు కాని పన్ను వసూలవుతుందనీ, రాని గ్రాంటు వస్తుందనీ రాసుకోవడం ఒక్కటే దారిగా మిగులుతుంది. అలా పత్రంలో కనిపించకుండా పోయిన లోటు ఏడాది మధ్యలో చెల్లించని బిల్లుల రూపంలో బయటపడుతుంది. నగర వ్యయంలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు అసలు సమాధానం ఆ బిల్లుల వరుసలోనే దొరుకుతుందనీ, ఆ వరుసలో చివర నిలబడేది ప్రతిసారీ నిర్వహణ వ్యయమే, అంటే ఇప్పటికే ఉన్న రోడ్డును, కాలువను, దీపాన్ని పనిచేసే స్థితిలో ఉంచడానికి అయ్యే ఖర్చేననీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

బడ్జెట్ పత్రం తయారయ్యే తీరును ముందుగా గమనించాలి. హైదరాబాదుకు వర్తించే 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం ప్రకారం కమిషనర్ నవంబరు 10 నాటికి రానున్న ఆర్థిక సంవత్సరపు అంచనాలను సిద్ధం చేసి స్టాండింగ్ కమిటీ ముందు ఉంచాలి. స్టాండింగ్ కమిటీ అంటే కార్పొరేటర్లు తమలో నుంచి ఎన్నుకునే చిన్న సంఘం, హైదరాబాదులో దాని సభ్యుల సంఖ్య 15. ఆ సంఘం పరిశీలన ముగిశాక పత్రం కౌన్సిల్‌కు వస్తుంది, ఫిబ్రవరి 20 లోపు కౌన్సిల్ దానిని ఆమోదించాలి. విశాఖపట్నం 1979లోను, విజయవాడ 1981లోను నగరపాలక సంస్థలుగా మారినప్పుడు వాటికీ ఈ చట్టపు నిబంధనలనే విస్తరింపజేశారు కనుక, కొద్ది తేడాలతో అక్కడి క్రమమూ ఇదే. పత్రంలో ప్రతి పద్దు ఎదుట నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. మొదటిది గడచిన ఏడాది వాస్తవంగా వచ్చిన లేదా ఖర్చయిన మొత్తం. రెండోది నడుస్తున్న ఏడాదికి నిరుడు వేసిన అంచనా. మూడోది అదే అంచనాకు సగం ఏడాది గడిచాక చేసిన సవరణ. నాలుగోది రాబోయే ఏడాది అంచనా. పత్రికల్లో శీర్షికలకెక్కేది నాలుగో వరుస అడుగున ఉండే మొత్తం. సభలో వాదోపవాదాలు జరిగేదీ చాలావరకు దాని మీదే. నగరం నిజంగా ఏం చేసిందో చెప్పే మొదటి వరుసను చదివి వినిపించే ఆచారం ఏ కౌన్సిల్‌లోనూ స్థిరపడకపోవడం చింతించవలసిన విషయం, ఎందుకంటే ఒకే పద్దును మొదటి వరుసలోను, నాలుగో వరుసలోను పక్కపక్కన పెట్టి, అలాంటి పత్రాలు అయిదారేళ్ళవి ముందు పరచుకుంటే, ఆ నగరపు ప్రాధాన్యాలు ఎవరి వివరణా అవసరం లేకుండానే తెలిసిపోతాయి.

2025-26 సంవత్సరానికి హైదరాబాదు మహానగరపాలక సంస్థ ఆమోదించిన బడ్జెట్ పరిమాణం 8,440 కోట్ల రూపాయలు. ఆ సంస్థ సొంత ఆదాయంలో వెన్నెముక లాంటి ఆస్తి పన్ను వసూళ్ళు 2,000 కోట్లు దాటడం 2024-25లోనే తొలిసారి జరిగింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని భవన నిర్మాణ అనుమతుల రుసుములు, రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి పంపే ఆస్తి బదిలీ సుంకం, వ్యాపార అనుమతుల రుసుములు, ప్రకటన బోర్డుల మీద రుసుములు, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్లు, అప్పులు పూడ్చాలి. వీటిలో భవన అనుమతుల రుసుము, బదిలీ సుంకం రెండూ స్థిరాస్తి వ్యాపారపు ఎగుడుదిగుళ్ళతో కదులుతాయి. మార్కెట్ ఊపులో ఉన్న ఏడాది పొంగి, మందగించిన ఏడాది ఎండిపోతాయి. గ్రాంట్లు రాష్ట్ర ఖజానా పరిస్థితిని బట్టి వస్తాయి, కొన్నిసార్లు ఉత్తర్వు వెలువడినా డబ్బు రాదు. అంచనాలు వేసేవారు ఊపులో ఉన్న ఏడాదిని ప్రమాణంగా తీసుకున్నప్పుడు, మరుసటి ఏడాది వచ్చే తగ్గుదల యావత్తూ ఏదో ఒక ఖర్చు మీద పడక తప్పదు.

ఏ ఖర్చు మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న. నగరపాలక సంస్థ ఖాతాలోకి డబ్బు వచ్చినప్పుడు మొదటి హక్కు అప్పుదాతలది. బాండ్లు, బ్యాంకు రుణాలు తీసుకున్న సంస్థలు వడ్డీ, అసలు వాయిదాల కోసం ఎస్క్రో ఖాతా తెరుస్తాయి, అంటే పన్ను వసూళ్ళలో కొంత భాగం మరెవరి చేతికీ చిక్కకుండా నేరుగా జమపడే ప్రత్యేక ఖాతా. తర్వాతివి జీతాలు, పింఛన్లు, పొరుగుసేవల కార్మికుల వేతనాలు. ఆ తర్వాత విద్యుత్తు చార్జీలు, చెత్త తరలించే వాహనాల ఇంధనం. ఇవి ఆగితే నగరం రెండు రోజుల్లో స్తంభిస్తుంది కనుక వీటికి ప్రాధాన్యం ఇవ్వడంలో తప్పు లేదు. అటుపైన మిగిలిన సొమ్ము కోసం కొత్త నిర్మాణాలు, పాతవాటి మరమ్మతులు పోటీ పడతాయి. కొత్త నిర్మాణానికి శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, గడువు ఉంటుంది, దానికోసం తెచ్చిన అప్పు ఉంటుంది. కాలువ పూడిక తీయడానికి ఇవేవీ ఉండవు. పూడిక ఈ ఏడాది తీయకపోతే ఆ సంగతి వానాకాలం వచ్చేదాకా ఎవరికీ తెలియదు, వాన మామూలుగా కురిస్తే అప్పుడు కూడా తెలియదు. చిన్న గుత్తేదారు చేసిన గుంతల పూడ్చివేత బిల్లు, పార్కు గోడ బిల్లు, వీధి కాలువ బిల్లు నెలల తరబడి పెండింగులో పడటం, తర్వాతి టెండరుకు ఎవరూ ముందుకు రాకపోవడం, వచ్చినవారు ఆలస్యపు నష్టాన్ని ముందే ధరలో కలిపి పాడటం, దానితో అదే పని నగరానికి మరింత ఖరీదు కావడం, ఇదంతా ఒకదాని వెంట ఒకటిగా జరుగుతుంది. వ్యక్తుల దురుద్దేశం ఏమీ లేకపోయినా ఈ క్రమం ఇలాగే నడుస్తుంది కాబట్టి దీనికి మందు వ్యక్తులను మార్చడంలో దొరకదు.

పన్ను చెల్లించే పౌరుడు ఈ క్రమాన్ని గమనించకుండా ఉండడు, ఆ గమనిక ఆంధ్రదేశంలో కొత్తదీ కాదు. భీమునిపట్నం 1861లోనే పురపాలక పట్టణం. స్థానిక పాలనను ప్రజల చేతికి కొంతైనా ఇవ్వాలన్న రిప్పన్ ప్రభుత్వ తీర్మానం 1882 మేలో వెలువడింది. అయితే పురపాలక సంఘమంటే ముందుగా పన్నే కనిపించే స్థితిలో ప్రజలు ఏమి చేయగలరో చీరాల-పేరాల చూపించింది. 1919-20లో ఆ జంట గ్రామాల యూనియన్‌ను ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చినప్పుడు, అంతకుముందు ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుల భారం సుమారు 40,000 రూపాయలకు పెరిగింది. నేతపనివారు, చిన్న వ్యాపారులు ఎక్కువగా ఉన్న ఆ ఊళ్ళకు కొత్త హోదా వల్ల అదనంగా ఒనగూరేదేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఇళ్ళు విడిచి, పురపాలక సరిహద్దుకు ఆవల రామనగర్ పేరుతో పందిళ్ళు, పాకలు వేసుకుని నెలల తరబడి ఎండావానల మధ్య గడిపారు. జాతీయోద్యమ చరిత్రలో ఇది సహాయ నిరాకరణకు నిదర్శనంగా నిలిచింది, అది న్యాయమే. పురపాలక ఆర్థిక చరిత్రలో కూడా దీనికి అంతే స్థానం ఇవ్వవలసి ఉంది. పన్ను ఎంత అన్నదానితో పాటు, ఆ పన్ను ఏ వీధిలో ఏ పనిగా తిరిగి వస్తుందన్నది చెప్పలేని పాలనకు పన్ను వేసే నైతికాధికారం ఉండదని ఆ జనం నిర్ధారించారు. వందేళ్ళ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పట్టణాల్లో ఇంటింటి చెత్త సేకరణకు నెలవారీ రుసుము విధించినప్పుడు దానికి చెత్త పన్ను అని పేరు పెట్టి జనం వ్యతిరేకించడం, 2024లో ప్రభుత్వం మారాక దానిని రద్దు చేయడం చూస్తే, ఆ ప్రశ్న ఇంకా సజీవంగానే ఉందని తెలుస్తుంది. రుసుము రద్దయినా చెత్త సేకరణ ఖర్చు రద్దు కాదు. అది బడ్జెట్‌లో ఏ పద్దును తగ్గించి భర్తీ అవుతుందో మాత్రం ఏ వేదిక మీదా చర్చకు రాలేదు.

ఆదాయం విషయంలో నగరాల చేతులు కట్టివేసి ఉన్నాయన్న మాట కూడా నిజమే. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చి, పన్నెండో షెడ్యూలులో 18 బాధ్యతలను పేర్కొన్నది; కానీ వాటికి తగిన పన్నులేవో చెప్పకుండా, ఏ పన్ను వసూలు చేసుకోవచ్చో నిర్ణయించే అధికారాన్ని 243ఎక్స్ అధికరణం ద్వారా రాష్ట్ర శాసనసభకే వదిలివేసింది. బాధ్యతలు షెడ్యూలులో అచ్చయ్యాయి, వనరులు మాత్రం దయాదాక్షిణ్యాల మీద ఆధారపడ్డాయి. ఒకప్పుడు స్థానిక సంస్థలు వసూలు చేసుకునే వృత్తి పన్ను 1987 చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం చేతికి పోయింది. రిజర్వు బ్యాంకు 2022లో ప్రచురించిన పురపాలక ఆర్థిక నివేదిక ప్రకారం భారతదేశంలో పురపాలక సంస్థలన్నింటి ఆదాయం కలిపినా జాతీయోత్పత్తిలో సుమారు 1 శాతం దగ్గరే దశాబ్ద కాలంగా నిలిచిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. విశాఖపట్నం వంటి నగరానికి మరో ప్రత్యేక సమస్య ఉంది. నౌకాదళం, రైల్వే వంటి వ్యవస్థలు విస్తారమైన భూమిని ఆక్రమించుకుని ఉన్న ఆ నగరంలో, కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలోని 285వ అధికరణం పన్ను మినహాయింపు ఇస్తుంది. పన్నుకు బదులుగా సేవా రుసుము చెల్లించే ఏర్పాటు ఉన్నప్పటికీ అది అందుకునే సేవలను బట్టి ఆస్తి పన్నులో 75 శాతం, 50 శాతం లేదా మూడో వంతుగా మాత్రమే ఉంటుంది, అది కూడా ఉత్తరప్రత్యుత్తరాల తర్వాతే చేతికి వస్తుంది.

అయితే చేతులు కట్టివేసి ఉన్నాయన్న వాదనకు ఒక హద్దు ఉంది. చేతిలో ఉన్న పన్నును కూడా తెలుగు రాష్ట్రాలు ఎన్నికల లెక్కలకు లోబరిచాయి. హైదరాబాదులో ఏడాదికి 1,200 రూపాయల లోపు ఆస్తి పన్ను ఉన్న ఇళ్ళకు దానిని 101 రూపాయలకు తగ్గించారు. పేద కుటుంబాలకు అది ఊరట అన్నది కాదనలేనిదే. కానీ 2020 చివరలో, కౌన్సిల్ ఎన్నికలకు కొద్ది వారాల ముందు, 15,000 రూపాయల వరకు పన్ను చెల్లించే ఇళ్ళకు ఆ ఏడాది సగం మాఫీ ప్రకటించడాన్ని పేదల ఊరట అనడం కుదరదు. పన్ను ఎగవేసినవారికి బకాయిల మీద పేరుకుపోయిన వడ్డీలో 90 శాతం రద్దు చేసే పథకం పలుమార్లు వచ్చింది. ఇలాంటి పథకం ప్రకటించిన ఏడాది వసూళ్ళు పెరుగుతాయి, పత్రికల్లో రికార్డు అని వార్త వస్తుంది. ఏప్రిల్‌లోనే పన్ను కట్టి 5 శాతం రాయితీతో సరిపెట్టుకున్న పౌరుడికి మాత్రం, ఆగి ఉంటే నష్టమేమీ ఉండేది కాదన్న సంగతి తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి అద్దె విలువ స్థానంలో మూలధన విలువ పద్ధతిని తెచ్చింది, అంటే ఆ ఇల్లు ఎంత అద్దెకు పోతుందన్న ఊహకు బదులు భూమికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ మీద పన్ను నిర్ణయించే పద్ధతి. ఏటా పెంపు 15 శాతం మించకుండా పరిమితి పెట్టిన ఈ సంస్కరణ సూత్రరీత్యా సమంజసమైనదే. కాని భూమి ధర ఆకాశానికి చేరిన పాతబస్తీల్లో, పెరిగిన ఆదాయంతో ఆ వీధికి ఏం జరిగిందో చూపించే లెక్క ఒకటి పక్కన లేకపోతే, ఎంత సమంజసమైన పన్నయినా చీరాల ప్రశ్ననే ఎదుర్కొంటుంది.

అప్పుల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండా నగరం తన పరపతి మీదే బాండ్లు జారీ చేసి డబ్బు తెచ్చుకోవచ్చని అహ్మదాబాదు 1998లో 100 కోట్ల జారీతో దేశానికి చూపింది. హైదరాబాదు 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్లు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతానికి 195 కోట్లు, 2019లో 10.23 శాతానికి 100 కోట్లు సేకరించింది. విశాఖపట్నం 2018లో 80 కోట్లు తెచ్చింది. హైదరాబాదు బాండ్ల సొమ్ము వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద పైవంతెనలకు, అండర్‌పాస్‌లకు వెళ్ళింది. యాభై ఏళ్ళు నిలిచే కట్టడానికి పదేళ్ళ అప్పు తేవడం ఆర్థికశాస్త్రం ఒప్పుకునే పనే, ఆ వంతెనల వల్ల ప్రయాణికులకు మేలు జరిగిన కూడళ్ళూ ఉన్నాయి. ఇక్కడ గమనించవలసింది వేరు. వంతెన రాబడి ఇచ్చే ఆస్తి కాదు, దాని మీద నడిచే వాహనం సుంకం చెల్లించదు. కాబట్టి వాయిదా ఆస్తి పన్ను నుంచే పోతుంది, ఆ మేరకు బిల్లుల వరుసలో ముందు స్థానం అప్పు తీరేదాకా నిండిపోతుంది. అప్పు తీసుకునే తీర్మానం రోజునే రాబోయే పదేళ్ళ నిర్వహణ వ్యయం మీద కోత కూడా తీర్మానమైపోతుంది, ఆ రెండో తీర్మానం మాత్రం అజెండాలో కనిపించదు.

నిర్వహణ వ్యయం తగ్గిపోతే ఏమవుతుందో హైదరాబాదు నాలాలంత స్పష్టంగా చెప్పగల ఉదాహరణ మరొకటి లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరంలో వేల ప్రాణాలను బలిగొన్న తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకుంది. ఆ సలహా పర్యవసానంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి మురుగు, రోడ్లు, బస్తీల పునర్నిర్మాణం చేపట్టింది. ఆ తరం పెట్టిన పెట్టుబడి మీద నగరం చాలా దశాబ్దాలు నిశ్చింతగా బతికింది. నది నుంచి వచ్చే ప్రమాదాన్ని జలాశయాలు అడ్డుకున్నాయి గాని, చెరువుకూ చెరువుకూ మధ్య వాననీటిని మోసుకుపోయే నాలాలు ఏటేటా ఇరుకైపోతూ వచ్చాయి. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసి బస్తీలు మునిగాక, నాలాల వెడల్పు మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ చేత అధ్యయనం చేయించారు. ఏ నాలా ఎంత నీరు మోయాలి, ఇప్పుడు ఎంత మోస్తోంది, ఎక్కడెక్కడ వెడల్పు చేయాలి అన్నది నివేదికలో ఉంది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల బడ్జెట్లలో నాలాల పద్దు లేకుండా పోలేదు. పద్దు ఉన్నది, ఖర్చు అంతంతమాత్రంగా జరిగింది. 2020 అక్టోబరులో మళ్ళీ కుండపోత కురిసి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయి, వేలాది ఇళ్ళలోకి నడుము లోతు నీరు చేరిన తర్వాత వ్యూహాత్మక నాలాల అభివృద్ధి పథకం పేరుతో తొలి దశకు సుమారు 985 కోట్ల పనులు చేపట్టారు. వరద వచ్చాక పెట్టిన ఈ ఖర్చు అవసరమైనదే. వరద నష్టపరిహారంగా ఇంటింటికీ పంచిన సొమ్మును, పోయిన సామాన్లను, ఆగిపోయిన కూలి దినాలను దానితో కలిపి లెక్కిస్తే, రెండు దశాబ్దాల పాటు ఏటా కొద్దికొద్దిగా చేయని ఖర్చుకు నగరం చెల్లించిన వడ్డీ ఎంతో అర్థమవుతుంది. ఆ వడ్డీలో పెద్ద వాటా నాలా గట్టున నివసించే కుటుంబాల నుంచే వసూలైంది, బడ్జెట్ అంచనాల్లో వారి ఊసు ఎక్కడా లేదు.

నగర సదుపాయాల పెట్టుబడి మీద ఈషర్ జడ్జ్ అహ్లూవాలియా అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతస్థాయి నిపుణుల సంఘం 2011లో ఇచ్చిన నివేదిక ఈ విషయంలో ఎప్పుడూ గుర్తుంచుకోదగినది. 2012 నుంచి 2031 దాకా ఇరవై ఏళ్ళలో భారతీయ నగరాలకు 39.2 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి కావాలని ఆ సంఘం 2009-10 ధరల్లో అంచనా వేసింది, ఆ అంకెను ఆ తర్వాత అందరూ ఉటంకించారు. దాని పక్కనే, పాతవీ కొత్తవీ కలిపి ఆస్తుల నిర్వహణకు మరో 19.9 లక్షల కోట్లు కావాలని కూడా సంఘం చెప్పింది, దానిని ఉటంకించినవారు అరుదు. అంటే పెట్టుబడిగా పెట్టే ప్రతి రెండు రూపాయలకూ నిర్వహణకు ఒక రూపాయి చొప్పున చూపాలి. జాతీయ పథకాలన్నీ ఆ రెండు రూపాయల్లో వాటా ఇవ్వడానికి ముందుకొస్తాయి, ఆ ఒక్క రూపాయిని మాత్రం నగరం సొంత ఆదాయం నుంచే తెచ్చుకోవాలి; సొంత ఆదాయం ఎంత బలహీనమో పైన చెప్పుకున్నదే. కొత్తది కట్టుకోవడానికి సాయం దొరికి, పాతదాన్ని బాగుచేసుకోవడానికి దొరకని వ్యవస్థలో, ఏ కమిషనర్ అయినా రోడ్డు పాడైపోయేదాకా ఆగి మళ్ళీ కొత్తగా వేయడాన్నే ఎంచుకోవడం వింత కాదు.

దీనికి భిన్నమైన ప్రయత్నం ఒకటి హైదరాబాదులోనే జరిగింది, దానికి దక్కవలసిన పరిశీలన దక్కలేదు. 2019-20లో సుమారు 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను అయిదేళ్ళ పాటు కాపాడే బాధ్యతతో, 1,800 కోట్లకు పైబడిన ఒప్పందాల కింద ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. గుంత పడితే నిర్ణీత గడువులో పూడ్చడం, ఎవరైనా తవ్వితే యథాస్థితికి తేవడం, నిర్ణీత కాలంలో కొత్త పొర వేయడం ఆ ఒప్పందంలో భాగాలు. లోపాలు లేవనడం సాధ్యం కాదు. కాలిబాటలు, పక్కకాలువల విషయంలో ఫిర్యాదులు వచ్చాయి, ప్రధాన రహదారులకు దొరికిన రక్షణ బస్తీ గల్లీలకు దొరకలేదు. అయినా అందులో బడ్జెట్ పరంగా ఒక పాఠం ఉంది. నిర్వహణను ఏటేటా కోతకు లొంగే పద్దుగా వదలకుండా, బహుళ సంవత్సరాల ఒప్పంద బాధ్యతగా మార్చినప్పుడు అది బిల్లుల వరుసలో కొంచెం ముందుకు జరిగింది. రోడ్లకు వీలైనది నాలాలకు, మురుగు కాలువలకు, పాఠశాలల మరుగుదొడ్లకు వీలు కాదనడానికి కారణం లేదు.

నిర్వహణ అంటే యంత్రాలు, కాంక్రీటు మాత్రమే అన్న భావన కూడా సరికాదు. తెల్లవారకముందే వీధులూడ్చే కార్మికురాలు, చెత్త ఆటో నడిపే యువకుడు, పూడిక తీసే కూలీ ఈ వ్యయానికి ప్రాణం. వారిలో అత్యధికులు పొరుగుసేవల పద్ధతిలో పనిచేస్తారు, ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులను మురుగులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా మరణాలు ఆగకపోవడంతో, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. పరిహారపు పద్దు బడ్జెట్‌లో ఉండవలసి రావడమే ఒక నగరానికి తలవంపు. యంత్రాల కొనుగోలుకు, రక్షణ సామగ్రికి, కార్మికుల ఆరోగ్య పరీక్షలకు కేటాయించిన మొత్తంలో ఎంత ఖర్చయిందన్నది ఏ కౌన్సిల్ అయినా మొదట అడగవలసిన ప్రశ్న, ఎందుకంటే ఈ పద్దు కింద మిగిలిపోయిన డబ్బు ఎవరో ఒకరి ఊపిరిని పణంగా పెట్టి మిగిల్చినది.

ఇంత బరువైన పత్రం మీద కౌన్సిల్‌కు నిజంగా ఉన్న అధికారం ఎంత అన్నది వేరుగా ఆలోచించాలి. హైదరాబాదులో నీరు, మురుగు వ్యవహారాలు 1989లో ఏర్పడిన ప్రత్యేక మండలి చేతిలో ఉన్నాయి, దాని బడ్జెట్ కౌన్సిల్ ముందుకు రాదు. కాబట్టి నగర పౌరుడికి రోజూ తగిలే రెండు సేవల మీద ఆ పౌరుడు ఎన్నుకున్న కార్పొరేటర్ ఓటు వేయలేడు. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాలకు ఇచ్చిన గ్రాంటు పూర్తిగా గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం ఫలితాలకు ముడిపడినది. తెలంగాణ 2019 పురపాలక చట్టం పట్టణాల బడ్జెట్‌లో 10 శాతం హరిత వ్యయానికి, అంటే మొక్కల పెంపకానికి కేటాయించాలని నిర్దేశించింది. ప్రతి నిర్దేశం వెనుకా మంచి ఉద్దేశమే ఉన్నా, అన్నీ కలిపి చూస్తే స్థానికంగా నిర్ణయించడానికి మిగిలే వాటా చాలా సన్నగిల్లిపోతుంది. అంతకంటే పెద్ద లోపం కౌన్సిలే లేకపోవడం. పురపాలక సంస్థ గడువు అయిదేళ్ళనీ, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలనీ 243యు అధికరణం చెబుతున్నా, విశాఖపట్నంలో 2007 ఎన్నికలతో ఏర్పడిన పాలకవర్గం గడువు 2012లో ముగిశాక తిరిగి ఎన్నికలు 2021 మార్చిలో గాని జరగలేదు. నడుమ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరాన్ని చిన్నాభిన్నం చేసింది. దీపాలు, చెట్లు, రోడ్లు, గుడిసెలు ఏ క్రమంలో పునరుద్ధరించాలన్న నిర్ణయాలు ఒక్క ప్రజాప్రతినిధి ఓటు కూడా లేకుండా ప్రత్యేకాధికారి సంతకంతో జరిగాయి. ఆ అధికారులు శ్రద్ధగా పనిచేసి ఉండవచ్చు. తొమ్మిదేళ్ళ బడ్జెట్లను ప్రశ్నించే హక్కు ఉన్న ఒక్క మనిషి సభలో లేకపోవడం మాత్రం ఏ శ్రద్ధా పూడ్చలేని లోటు.

కౌన్సిల్ ఉన్నచోట చర్చ ఎలా జరగాలన్నదానికి ఆదర్శాలకు కొదవ లేదు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె 1989లో మొదలుపెట్టి పొరుగువారి సభల ద్వారా పెట్టుబడి ప్రాధాన్యాలను నిర్ణయించుకున్న తీరు ప్రపంచానికి తెలిసినదే. కేరళ 1996లో మొదలుపెట్టిన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళికా వ్యయంలో మూడో వంతుకు మించి స్థానిక సంస్థలకు పోయింది. పుణె పౌరులు దాదాపు రెండు దశాబ్దాలుగా తమ వార్డుకు కావలసిన చిన్న పనులను బడ్జెట్‌కు ముందే ప్రతిపాదిస్తున్నారు. పుణె అనుభవంలో పౌరులు అడిగినవాటిలో ఎక్కువ భాగం కాలిబాటలు, పార్కుల మరమ్మతులు, వీధి దీపాల వంటివే కావడం గమనార్హం. వీధిలో నివసించేవారిని అడిగితే వారు వంతెనకు ముందు కాలువ మూతను కోరతారు. రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. తెలుగు నగరాల్లో అవి ఏర్పడినప్పుడు కూడా బడ్జెట్ కాగితం వాటి ముందుకు వచ్చిన సందర్భాలు మిక్కిలి తక్కువ.

చట్ట సవరణ అవసరం లేకుండానే ఏ కౌన్సిల్ అయినా వచ్చే ఫిబ్రవరిలోనే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. బడ్జెట్ సమావేశాన్ని గత ఏడాది వాస్తవాల వరుసతో మొదలుపెట్టి, అంచనాకూ వాస్తవానికీ మూడో వంతుకు మించిన తేడా ఉన్న ప్రతి పద్దుకు సంబంధిత అధికారి చేత రాతపూర్వక వివరణ ఇప్పించవచ్చు. గడచిన మార్చి 31 నాటికి చెల్లించని బిల్లుల జాబితాను, ఏ పనికి, ఏ డివిజన్‌లో, ఎంత కాలంగా పెండింగులో ఉన్నదో సహా, పత్రానికి అనుబంధంగా జతచేయవచ్చు; దేశమంతటికీ 2004లో రూపొందించిన పురపాలక లెక్కల నియమావళి సూచించిన అక్రూవల్ విధానంలో, అంటే డబ్బు చేతులు మారినప్పుడు కాక బాధ్యత ఏర్పడినప్పుడే నమోదు చేసే విధానంలో, ఆ జాబితా ఇప్పటికే సిద్ధంగా ఉండాలి. ప్రతి నాలాకు, ప్రతి ప్రధాన కాలువకు ఒక పుట చొప్పున ఆస్తుల పట్టిక తెరిచి, దాని పొడవు, ఉండవలసిన వెడల్పు, ఉన్న వెడల్పు, చివరిసారి పూడిక తీసిన నెల, తీసిన పూడిక బరువు, చెల్లించిన మొత్తం అందులో నమోదు చేసి, ఆ పుట నకలును ఆ డివిజన్ వార్డు కార్యాలయం గోడ మీద అంటించవచ్చు. కొత్త వంతెన లేదా కొత్త భవనం ప్రతిపాదన సభ ముందుకు వచ్చినప్పుడు, దాని నిర్మాణ వ్యయం కింద మొదటి పదేళ్ళ నిర్వహణకు ఏటా ఎంత కావాలో, అది ఏ పద్దు నుంచి వస్తుందో రెండో పంక్తిగా రాసి ఉంటే తప్ప ఓటింగుకు పెట్టరాదని మేయర్ నిర్ణయించవచ్చు. ఆ రెండో పంక్తి ఖాళీగా ఉన్న ప్రతిపాదనలు ఎన్ని వెనక్కి వెళతాయో చూస్తే, ఆ నగరం ఇంతకాలం ఏ ధరకు కడుతూ వచ్చిందో సభ్యులకు మొదటిసారి లెక్కలో కనిపిస్తుంది.